కోరల్ ఇంట్లో దిగిన ఆటగాడు

యారిక్ ఊళ్ళో స్కూలు బస్సు నడిపే గ్లెనిస్ కెటిల్‌కు పిల్లలు లేరు. అయితే ఆమె వంటింట్లో ఫ్రిజ్ తలుపు కనిపించనన్ని కుర్రాళ్ళ ఫోటోలు ఉండేవి. అందరూ బూడిద, గులాబి చారల జెర్సీల్లోనే ఉండేవారు. ఊరి ఫుట్‌బాల్ జట్టు రంగులవి. ఆ రంగుల్లోనే ఉండే గలా అనే అక్కడి చిలక పేరే జట్టుకూ పెట్టి గలాలు అంటారు. గులాబి రంగేసుకుని ఆటకొచ్చే మగాళ్ళను చూసి పక్క ఊళ్ళవాళ్ళు పడీపడీ నవ్వుతారు. యారిక్ వాళ్ళకు అది అలవాటే.

గలాల క్లబ్బు ఏటా ఒకరినో ఇద్దరినో బయటినుంచి తెచ్చుకుంటుంది. వచ్చినవాడికి ఊళ్ళో ఏదో పని చూపించి, సీజను అయ్యేదాకా ఒక అభిమాని ఇంట్లో దింపుతుంది. చాలా ఏళ్ళపాటు ఆ ఇల్లు గ్లెనిస్‌దే. వాళ్ళ బురద సాక్సులు ఉతికింది. ఆదివారం ఆదివారం గొర్రె తొడ ఓవెన్లో పెట్టి గ్రేవీతో వడ్డించింది. ప్రేమలు చెడి ముఖం వేలాడేసుకున్నప్పుడు టీ చేతికిచ్చి పక్కన కూర్చుంది. ఒకడి పెళ్ళిలో తల్లి పక్క కుర్చీ ఆమెకే వేశారు. భర్త రెజ్‌కు క్రికెట్ తప్ప మరో ఆట ఆటే కాదు. అయినా ఆ కుర్రాళ్ళ పాత కార్లన్నీ అతనే బాగుచేసిపెట్టాడు.

వాళ్ళ వల్ల గ్లెనిస్‌కు ఇంకో గౌరవం కూడా దక్కింది. మార్చిలో, సీజను మొదలవకముందు జరిగే ప్రాక్టీసు మ్యాచ్‌కు జనమంతా మైదానం చుట్టూ కార్లు నిలుపుకుని కూర్చుంటారు. అప్పుడు ఒక్కొక్కరే ఆమె కారు కిటికీ దగ్గరికి వచ్చేవారు. కొత్తవాడు ఎలాంటివాడు, మోకాలు ఎలా ఉంది, తాగుతాడా, త్వరగా పడుకుంటాడా అని అడిగేవారు. ఆమె కొంచెం చెప్పి, కొంచెం దాచుకునేది. ఏడాది మొత్తంలో ఆమెకు ఆ మధ్యాహ్నం కన్నా ఇష్టమైనది లేదు.

కిందటి సెప్టెంబరులో జట్టు కిందినుంచి రెండో స్థానంలో నిలిచింది. ఇంట్లో ఉన్న కుర్రాడు వెళ్ళొస్తానని కూడా చెప్పకుండా సామాను సర్దుకుని పోయాడు. ఆ చిరాకులో ఆమె బహుమతుల విందు దగ్గర కార్యదర్శి నెవిల్ స్టోక్స్‌తో, "ఇంక నావల్ల కాదు నెవిల్. అలిసిపోయాను," అంది. నెవిల్ బతిమాలతాడనుకుంది. నువ్వు లేకపోతే ఎలా అంటాడనుకుంది. అతను ఆమె భుజం తట్టి, "నిజమే గ్లెనిస్, చాలా చేశావు. ఇక హాయిగా కూర్చో," అని పక్క బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

క్రిస్మస్ వెళ్ళాక కబురు తెలిసింది. టాస్మేనియా దీవినుంచి ఫ్లెచర్ డూలన్ అని, గోలు కొట్టే పొడుగాటి ఫార్వర్డ్ ఒకడు పడవెక్కి వస్తున్నాడట. దిగేది కోరల్ పాడ్‌మోర్ ఇంట్లోనట.

కోరల్, గ్లెనిస్ బళ్ళో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు. ఇప్పుడూ రెండు వీధుల దూరంలోనే ఉంటారు. కోరల్ భర్త బెర్ట్ పోయి రెండేళ్ళయింది. పాపం, ఆమెకు తోడు దొరికిందని ఊరంతా సంతోషించింది. గ్లెనిస్ కూడా కసాయి కొట్టు దగ్గర నలుగురిలో అదే మాట అంది. ఇంటికొచ్చి బంగాళాదుంపలు చెక్కు తీస్తూ తొక్కతోపాటు సగం దుంప చెక్కేసింది.

"అవేం చేశాయి నిన్ను?" అన్నాడు రెజ్.

"కోరల్‌కి గుడ్డు ఉడకబెట్టడం కూడా సరిగ్గా రాదు. అంత పొడుగువాడికి ఎంత తిండి కావాలో దానికేం తెలుసు?"

"నువ్వే కదా వద్దన్నావు."

"అన్నాను. అయితే?"

రెజ్ పేపరు తిరగేసుకున్నాడు.

మార్చి ప్రాక్టీసు మ్యాచ్ నాడు ఎండ మాడ్చేస్తోంది. మైదానంలో గడ్డి ఎండి పసుపురంగుకు తిరిగింది. ఈగలు మొహం మీదినుంచి లేవడం లేదు. గ్లెనిస్ ఎప్పటిలాగే స్కోరు బోర్డు పక్కన, చెట్టు నీడ సగం పడే చోట కారు పెట్టించింది. థర్మాసు, బిస్కెట్ల డబ్బా డాష్‌బోర్డు మీద సర్దింది. కిటికీ అద్దం పూర్తిగా దించింది. ఎవరూ రాలేదు.

నాలుగు కార్ల అవతల కోరల్ చిన్న తెల్లకారు దగ్గర మాత్రం జనం గుమిగూడారు. ధాన్యం గోదాములో పనిచేసి రిటైరైన డగ్ విట్‌ఫీల్డ్ ఆ కిటికీ మీద మోచెయ్యి ఆనించి, రొట్టెముక్కలో చుట్టిన సాసేజ్ తింటున్నాడు. ఉల్లిపాయలు చొక్కా మీద రాలుతున్నాయి. గ్లెనిస్‌కు వినదలుచుకోకపోయినా అన్నీ వినిపించాయి.

"పొద్దున్నే ఆరు గుడ్లు తింటాడు డగ్," అంటోంది కోరల్. "చాలురా అంటే వినడు."

"మరి నీకేమైనా పనికొస్తున్నాడా, తినడమేనా?"

"పనికి రాకేం? బెర్ట్ ఉన్నప్పటినుంచీ వేలాడుతున్న గేటుకి కొత్త బందులు వేశాడు. రాత్రి భోజనాలయ్యాక కూర్చుని వాళ్ళమ్మ కబుర్లు చెప్తాడు. మీరు లేకపోతే ఈపాటికి తిరుగు పడవ ఎక్కేవాణ్ణి కోరల్ అన్నాడు మొన్న."

"అదృష్టవంతురాలివి."

ఆ చివరి మాట గ్లెనిస్‌కు గుచ్చుకుంది. తన కుర్రాళ్ళలో ఒక్కడైనా వచ్చిన నెలలోపు అలాంటి మాట అన్నాడా అని వెతుక్కుంది. ఎవరూ అనలేదు. ఆ పెళ్ళికొడుకు కూడా మూడో ఏడుగానీ అనలేదు.

"నువ్వూ వెళ్ళి పలకరించవచ్చుగా," అన్నాడు రెజ్ పేపరు వెనకనుంచి.

"నాకేం అవసరం?" అంది. అని, కారు దిగి కంచె దగ్గరికి నడిచింది. అక్కణ్ణుంచి కోరల్ మాటలు ఇంకా బాగా వినిపిస్తాయి.

ఆట మొదలైంది. పక్క ఊరు టారంబీతో మ్యాచ్. ప్రాక్టీసు కాబట్టి కోచ్ ఉన్నవాళ్ళందరినీ తలా కాసేపు దింపుతున్నాడు. కంచె పొడుగునా అభిమానుల మాటలు జోరందుకున్నాయి.

"కెప్టెన్ని చూశావా? నెలలు నిండినట్టున్నాడు."

"క్రిస్మస్ పుడ్డింగు ఇంకా అరగలేదు, వదిలెయ్."

"ఈ ఏడు మనవాళ్ళ కాళ్ళలో జోరు ఉంది, చూస్తూ ఉండు."

"ప్రతి మార్చిలోనూ కప్పు మనదే డగ్. ఏప్రిల్ వచ్చాక కదా అసలు సంగతి తెలిసేది."

ఫ్లెచర్ టారంబీవాళ్ళ గోలు కొయ్యల ముందు నిలబడ్డాడు. వాళ్ళాడే ఫుట్‌బాల్‌లో గాల్లో వచ్చే బంతిని చేతులతో పట్టినవాడికి కొయ్యల మధ్యకు తన్నే వీలు దక్కుతుంది. నిజంగానే పొడుగువాడు, చేతులు ఇంకా పొడుగు. మొదటి బంతి ఎత్తుగా, తేలిగ్గా అతని మీదికే వచ్చింది. ఎగిరాడు. బంతి అరచేతుల్లో పడి జారిపోయింది. ఫర్వాలేదు, ఫర్వాలేదు అన్నారు జనం. రెండోది ఛాతీకి తగిలి కింద పడింది. మూడోదాని కింద ఒక్కడే ఉన్నాడు, దరిదాపుల్లో అడ్డం వచ్చేవాడు లేడు. అదీ వదిలేశాడు.

బంతి నేల తాకిన ప్రతిసారీ గ్లెనిస్ లోపల ఏదో చల్లగా దిగింది. ఆ చల్లదనం ఎందుకో ఆమెకు తెలుసు. తన సొంత జట్టువాడు బంతి వదిలేస్తే సంతోషపడడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి.

"ఆరు గుడ్ల జిడ్డు చేతులకే అంటుకున్నట్టుంది," అంది పైకే.

చుట్టుపక్కలవాళ్ళు భళ్ళున నవ్వారు. ఇద్దరు ముగ్గురు కోరల్ కారు దగ్గరినుంచి ఇటు తిరిగారు. అందరి కళ్ళూ మళ్ళీ తనవైపు తిరిగేసరికి గ్లెనిస్‌కు మాట ఆగలేదు.

"గేట్లు పట్టుకోమంటే పట్టుకుంటాడు, బంతి పట్టుకోమంటే రాదు పాపం. ఈస్టర్‌కల్లా పడవ ఎక్కిస్తారు, రాసిపెట్టుకోండి. చూడ్డానికి బాగుంటాడు, కొట్టు అద్దాల్లో నిలబెట్టుకోవచ్చు."

సరిగ్గా అప్పుడే బంతి కంచె దాటి పడితే, తీసుకోవడానికి ఫ్లెచర్ అక్కడికే వచ్చాడు. ఆఖరి మాట విన్నాడు. చెమట తుడుచుకుని ఆమె వంక ఒక్కసారి చూసి, బంతి తీసుకుని పరుగెత్తాడు. తెల్లకారులో కోరల్ తల దించుకుంది.

నవ్వినవాళ్ళు ఇప్పుడు నవ్వడం లేదు. డగ్ సాసేజ్ మిగిలిన ముక్కను ఈగలకు వదిలేసి, "మనవాడే కదా గ్లెనిస్," అని మాత్రం అన్నాడు. జనం ఒక్కొక్కరే పక్కకు జరిగారు. కంచె దగ్గర ఆమె ఒక్కతే మిగిలింది. కారు దగ్గరికి పోతే రెజ్ పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు.

"అది బాగాలేదు," అన్నాడు.

"నాకు తెలుసు. నువ్వు చెప్పనక్కర్లేదు."

నాలుగు క్వార్టర్ల ఆటలో మూడోది అయిపోయాక అందరూ మైదానం మధ్యకు నడిచారు. కోచ్ ఆటగాళ్ళను చుట్టూ నిలబెట్టుకుని తిట్టేటప్పుడు వెనక నిలబడి వినడం ఆ ఊరివాళ్ళ హక్కు. గ్లెనిస్ వెళ్ళలేదు. క్యాంటీను వెనక కుళాయి దగ్గర థర్మాసు మూత కడుగుతుంటే కోరల్ వచ్చింది. తిట్టడానికే వస్తోందనుకుని గ్లెనిస్ నడుం నిటారుగా పెట్టుకుంది. ఏమనాలో కూడా సిద్ధం చేసుకుంది.

"వాడు గుడ్లు తినడు," అంది కోరల్.

"ఏంటి?"

"గుడ్లు తింటే ఒళ్ళు దద్దుర్లు వస్తాయట. అదీ వాడు చెప్పలేదు. వచ్చిన రోజే ప్లేటులో పెట్టినవి అలాగే వదిలేస్తే, నెవిల్‌ని అడిగి తెలుసుకున్నాను." కోరల్ కుళాయి వంకే చూస్తోంది. "గేటు కూడా అలాగే వేలాడుతోంది గ్లెన్. వాడు నాతో పది మాటలు మాట్లాడి ఉంటే ఎక్కువ. ప్లేటు గదిలోకి తీసుకెళ్తాడు, కడిగి తెచ్చి పెడతాడు, థాంక్యూ అంటాడు. తలుపేసుకుంటాడు. గోడ అవతల వాడు ఉన్నట్టు తెలుస్తుంది. అంతే. బెర్ట్ పోయాక ఇల్లు ఎలా ఉండేదో ఇప్పుడూ అలాగే ఉంది. ఉతికే బట్టలు పెరిగాయి."

"మరి ఆ కబుర్లన్నీ?"

"అందరూ వచ్చి అడుగుతుంటే ఏం చెప్పను? నీ కిటికీ దగ్గర ఎన్నేళ్ళు నిలబడ్డాను నేను. నువ్వు ఆ పిల్లల గురించి చెప్తుంటే వింటూ, నాకూ ఒకడుంటే బాగుండునని ఏడ్చుకుంటూ ఇంటికెళ్ళేదాన్ని. నువ్వు వద్దన్నావని తెలిసిన మర్నాడే నెవిల్ ఇంటికెళ్ళి అడిగాను. నీకు మాటైనా చెప్పలేదు. చెప్తే మళ్ళీ నాకే కావాలంటావని భయం."

ఆ మాటలు విన్నప్పుడు గ్లెనిస్‌కు మొదట కలిగింది సంతోషమే. తన కుర్రాళ్ళు తనతో మాట్లాడారు, కోరల్‌తో వీడు మాట్లాడడం లేదు. ఆ సంతోషాన్ని కాసేపు నోట్లో బెల్లంముక్కలా నానబెట్టుకుంది కూడా. కోరల్ ముక్కు ఎర్రబడడం చూశాక గానీ అది చేదెక్కలేదు.

"మొదట్లో నువ్వేం చేసేదానివి?" అని అడిగింది కోరల్. "నాకు చెప్పు."

చెప్పకుండా ఉండొచ్చు. ఏమీ చేసేదాన్ని కాదు, వాళ్ళే మాట్లాడేవాళ్ళు అంటే సరిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"ఎదురుగా కూర్చోబెట్టి అడక్కు," అంది చివరికి. "ఏదో పని చెప్పు. బఠాణీలు ఒలవమను, గిన్నెలు తుడవమను. పక్కన నిలబడు, మొహం వంక చూడకు. బస్సులో పిల్లలు నా వీపుతో చెప్పినన్ని సంగతులు వాళ్ళమ్మలకు కూడా చెప్పరు."

"అంతేనా?"

"అంతే. నెల పడుతుంది. ఒక్కోసారి రెండు."

ఇద్దరూ కార్ల దగ్గరికి తిరిగొచ్చేసరికి డగ్ మైదానం మధ్యనుంచి ఆయాసపడుతూ వస్తున్నాడు. వెనక మరో అరడజను మంది ఉన్నారు.

"ఏం కోరల్, కుర్రాణ్ణి గేటు సంగతి అడిగాను. నాదీ ఒకటుంది, వచ్చి చూస్తావా అని. ఏ గేటు అంటాడేంటి?"

కోరల్ గబగబా కారు తలుపు పిడి అందుకుంది. అందరూ ఆమె మొహం చూస్తున్నారు. గ్లెనిస్ ఊరికే నిలబడి ఉంటే చాలు, మిగతాది దానంతటదే జరిగిపోతుంది. ఏప్రిల్‌కల్లా కోరల్ కిటికీ దగ్గర ఒక్కరుండరు.

"ఎవరికీ చెప్పొద్దని నేనే ఒట్టు వేయించుకున్నాను," అంది గ్లెనిస్.

"నువ్వెందుకు?"

"ఎందుకా? ఊళ్ళో ముసలాళ్ళంతా విరిగిన గేట్లు మోసుకుని కోరల్ ఇంటిముందు క్యూ కడతారని. అదిగో, నువ్వే మొదట నిలబడ్డావు. వాడు ఆడ్డానికొచ్చాడు డగ్, నీ పశువుల దొడ్డి బాగుచెయ్యడానికి కాదు."

జనం నవ్వారు. డగ్ నవ్వలేదు. "మరి ఇందాక అంతమాటెందుకు అన్నావు వాణ్ణి?"

"నా నోరు మంచిది కాదు," అంది గ్లెనిస్. ఆ మాటకు ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఆఖరి క్వార్టరులో ఫ్లెచర్ ఇంకో బంతి వదిలేశాడు, ఒకటి పట్టాడు. పట్టినదాన్ని పక్కవాటునుంచి, ఎవరూ కుదురుతుందనుకోని కోణంనుంచి కొయ్యల మధ్యకు తన్నాడు. గోలు పడిందని మైదానం చుట్టూ కార్ల హారన్లు మోగాయి. కోరల్ హారన్ మీదినుంచి చెయ్యి తియ్యలేదు. రెజ్ కూడా, ఎందుకో తనకే తెలియనట్టు, ఒకసారి కొట్టాడు. గలాలు ఓడిపోయారు. ప్రాక్టీసు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఈ ఏడు కప్పు మనదే అని చెప్పుకుంటూ ఇళ్ళకు బయల్దేరారు.

గ్లెనిస్ ఆటగాళ్ళ గది బయట నిలబడింది. తడి జుట్టుతో ఫ్లెచర్ సంచీ భుజానేసుకుని వచ్చాడు.

"కొట్టు అద్దాల మాట అన్నది నేనే," అంది.

"తెలుసు."

"దానికి నీ ఆటతో సంబంధం లేదు. నాకు కడుపుమంట. నువ్వు మా ఇంట్లో దిగలేదని."

అతను సంచీ ఒక భుజంనుంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. "మా అమ్మ ఇంతకంటే గట్టిగా అంటుంది," అన్నాడు.

"ఇంకో మాట. ఎవరైనా అడిగితే పొద్దున్నే ఆరు గుడ్లు తింటున్నానని చెప్పు."

"నాకు గుడ్లు పడవు మిసెస్ కెటిల్."

"తినమనలేదు. చెప్పమన్నాను. రేపు మధ్యాహ్నం కోరల్ గేటుకు బందులు వెయ్యాలి. స్క్రూలు మా రెజ్ ఇస్తాడు. ఎందుకని అడక్కు."

అతను ఆమెను, దూరంగా కారు దగ్గర నిలబడ్డ కోరల్‌ను చూశాడు. అర్థమైందో లేదో, తలూపాడు.

మర్నాడు ఆదివారం గొర్రె తొడ గ్లెనిస్ ఓవెన్లో కాక కోరల్ ఓవెన్లో కాలింది. గ్లెనిస్ గ్రేవీ కలుపుతూ కిటికీలోంచి చూసింది. ఫ్లెచర్ గేటు ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. కోరల్ అతని వెనక నిలబడి ఒక్కొక్క స్క్రూ అందిస్తోంది, చెప్పినట్టే మొహం వంక చూడకుండా వీధిలోకి చూస్తోంది. నాలుగు స్క్రూలు బిగిశాయి. తర్వాత ఫ్లెచర్ తల తిప్పకుండానే ఏదో అన్నాడు. కోరల్ ఏదో అడిగింది. అతను పని ఆపి, చేత్తో నేలకు ఇంత ఎత్తని చూపించాడు. ఇంటిదగ్గర వదిలొచ్చిన కుక్క గురించని గ్లెనిస్‌కు తర్వాత తెలిసింది. కోరల్ నవ్వింది. అతనూ నవ్వాడు.

నెల పడుతుందని తనే చెప్పింది. ఒక్కరోజు పట్టింది. గ్లెనిస్ గ్రేవీని అవసరమైనదానికంటే ఎక్కువే తిప్పింది.

"అడుగంటుతోందా?" అన్నాడు రెజ్.

"లేదు."

"నువ్వూ వెళ్ళొచ్చుగా బయటికి."

"వద్దులే. మాట్లాడుకోనీ."

సోమవారం బస్సులో పిల్లల్ని దింపేసి నెవిల్ ఇంటికి వెళ్ళి, వచ్చే ఏడు తనకొకడు కావాలని చెప్పింది. ఈసారి బతిమాలించుకోవడం పెట్టుకోలేదు, తనే అడిగింది. నెవిల్ చూద్దామన్నాడు.

ఫ్లెచర్ ఈస్టర్‌కు వెళ్ళిపోలేదు. ఆ సీజనంతా సగం బంతులు పట్టాడు, సగం వదిలేశాడు. గలాలు పట్టికలో నడిమికి చేరారు, అదే గొప్ప అనుకున్నారు. కోరల్ కిటికీ దగ్గర జనం తగ్గలేదు. ఇప్పుడామె చెప్పేవన్నీ నిజాలే. అవి వినిపించిన ప్రతిసారీ గ్లెనిస్ తన కారు అద్దం సగం పైకి ఎక్కించేది.

జూలైలో ఒక శనివారం ఫ్లెచర్ తొడ కండరం పట్టేసింది. కోరల్ ఆ వారం చెల్లెలి ఇంటికి వెళ్ళి ఉంది. అతను కుంటుకుంటూ వచ్చి గ్లెనిస్ వంటింటి తలుపు తట్టాడు. బయట వాన పడుతోంది. ఆమె ఐసు గుడ్డలో చుట్టి ఇచ్చి, కాలు కుర్చీ మీద పెట్టించి, బఠాణీల గిన్నె ముందుకు తోసి తను సింకు వైపు తిరిగింది. అతను చీకటి పడేదాకా మాట్లాడాడు. తండ్రి గురించి, వాళ్ళిద్దరికీ ఎందుకు మాటలు లేవో దాని గురించి, ఇంకా ఎవరితోనూ అనని సంగతులు చాలా చెప్పాడు.

మంగళవారం కోరల్ ఊరినుంచి వచ్చి, "వాడు నీ దగ్గరికొచ్చాడట. ఏమైనా చెప్పాడా?" అని అడిగింది.

"ఏం చెప్తాడు? ఐసు పెట్టుకుని వెళ్ళిపోయాడు," అంది గ్లెనిస్.